కాటికాపరిని కొట్టిన గొడుగు

నేను ఒక నల్ల గొడుగును. ఎనిమిది ఊచలు, బెత్తపు పిడి, కొసన ఇత్తడి మొన. వానకు పట్టడానికి నన్ను చేశారు, ఆ పని ఏ లోటూ లేకుండా చేశాను. అయినా నా బతుకులో చెప్పుకోదగ్గ భాగం వానలో గడవలేదు. పైకప్పు కింద, పెద్ద దీపాల వెలుగులో, ఒక మనిషి వీపు మీద గడిచింది. ఆ మనిషికి దణ్ణం పెట్టుకుందామని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

పుట్టింది ఇంగ్లండులో. ఊచల ఉక్కు షెఫీల్డ్‌ది, గుడ్డ మాంచెస్టర్‌ది. పిడి బెత్తం మాత్రం ఎక్కడో తూర్పు దీవుల అడవిలో పెరిగి ఓడెక్కి వచ్చింది. అందుకే నన్ను అచ్చంగా ఇంగ్లీషు గొడుగంటే ఒప్పుకోను. మరి తెలుగెలా వచ్చిందంటారా, కాస్త ఆగండి.

నన్ను కొన్నది ఆల్బర్ట్ హావర్త్ అనే బొగ్గుగని కూలి. లాంకషైర్‌లో నూలు మిల్లుల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు వాళ్లది. అక్కడి గనివాళ్లకు కుస్తీ అంటే ప్రాణం. గనిలోంచి పైకొచ్చి, మొహం కడుక్కుని, సారాకొట్టు వెనక గడ్డిలో పట్టు పట్టేవాళ్లు. ఆల్బర్ట్ చెవులు రెండూ ఆ పట్టుల్లో నలిగి ఎండిన వంకాయల్లా అయిపోయాయి. వాటిని చూసుకుని ఆయన గర్వపడేవాడు. మనుషులు దేనికి గర్వపడతారో గొడుగులకు ఒక పట్టాన అర్థం కాదు.

ఆయన భార్య విన్నీకి కుస్తీ కథలు చెబుతుంటే నేను మూల నిలబడి వినేదాన్ని. గడ్డిలో ఆడిన ఆట టిక్కెట్టు పెట్టిన హాళ్లలోకి ఎలా వచ్చిందో చెప్పేవాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కుర్చీలు విసురుకుని, బురదలో దొర్లి, లండన్‌లో ఆపించేదాకా దాని పరువు ఎలా తీశారో చెప్పేవాడు. యుద్ధం అయ్యాక ఒక ప్రభువుగారి పేరు మీద నిబంధనలు రాసుకుని మళ్లీ లేచింది. రౌండుకు ఐదు నిమిషాలు. ఎదుటివాడి భుజాలు రెండూ కింద ఆనించి మూడు లెక్కపెడితే చిత్తు. రెండు చిత్తులతో గెలుపు. అన్యాయం చేసినవాడికి రిఫరీ అందరూ వినేలా హెచ్చరిక చేస్తాడు. రాసిన రూళ్లు ఇవి. రాయని రూలు ఒకటుందని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

మా ఊళ్లో కుస్తీ సోమవారం సాయంత్రాలు జరిగేది, ఈతకొలనులో. నవ్వకండి. చలికాలం ఈదేవాళ్లుండరు కాబట్టి మునిసిపాలిటీవాళ్లు కొలను మీద చెక్కలు పరిచి, మధ్యలో తాళ్ల బరి కట్టేవాళ్లు. చెక్కల సందుల్లోంచి మందునీళ్ల వాసన వచ్చేది. భార్యాభర్తలిద్దరూ ముందు వరసలో కూర్చునేవాళ్లు. బొగ్గుపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆల్బర్ట్ పోయాక కూడా విన్నీ మానలేదు. ఆయన కుర్చీలో నన్ను నిలబెట్టి, పక్కన తను కూర్చునేది. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చోబోతే, "మా ఆయనొస్తాడు," అనేది. రాడని ఊరందరికీ తెలుసు. ఎవరూ కూర్చునేవారు కాదు.

అప్పట్లోనే కాటికాపరి అనే పేరుతో ఒక మల్లయోధుడు బరిలోకి వచ్చాడు. మెడనుంచి మడమల దాకా నల్ల బనీను, చేతులకు నల్ల తొడుగులు, తలకు కళ్ల దగ్గర రెండు చిల్లులున్న నల్ల ముసుగు. మాట్లాడడు, గుర్రుమంటాడు, అంతే. రిఫరీ అటు తిరిగితే ఇటు గొంతు నొక్కుతాడు. పడిపోయినవాణ్ణి తంతాడు. రెండేళ్లు ఎవరూ వాణ్ణి ఓడించలేదు. ముసుగు మల్లయోధుడు ఓడిననాడు బరిలోనే ముసుగు తీసి పేరూ ఊరూ చెప్పాలని ఆ ఆటలో ఆచారం. ఆ రోజు కోసమే ఊరు టిక్కెట్లు కొనేది.

ఆ కాటికాపరి తాళ్ల పక్కనుంచి వెళుతుంటే విన్నీ మొదటిసారి నన్ను ఎత్తింది. కొలిమి దగ్గర్నుంచి అంతటి దెబ్బ నేను ఎరగను. ఎడమ భుజం కింద, ఎముక మీద పడ్డాను. నా కాడ వేలెడంత వంగింది. ముసుగులోంచి "అబ్బా" అని సన్నగా వినబడింది. ఆ భాష నాకప్పుడు తెలియదు.

హాలు చూసుకునే పికప్ అనే దొర నన్ను లాక్కుపోయి ఒక బీరువాలో పెట్టాడు. లోపల అల్లిక సూదులు, టోపీ పిన్నులు, ఒంటికాలి జోడు ఒకటి. అన్నీ ముసలమ్మల ఆయుధాలే. మర్నాడు విన్నీ వస్తే, నన్ను రెండు చేతులా అందించాడు.

"మీ కత్తి, మేడమ్. వచ్చేవారం ఒరలోనే ఉంచుతారా?"

"వాడు వాడి చేతులు ఒరలో ఉంచితే ఉంచుతా," అంది విన్నీ.

ఇంటికొచ్చి నన్ను వంటింటి బల్ల మీద పెట్టి, మేడమీద గదిలో అద్దెకుంటున్న మనిషిని పిలిచింది. "పాడీ, ఈ కాడ వంగిపోయింది. కాస్త సరిచేస్తావా నాయనా?"

పాడీ అసలు పేరు రొంగలి పైడయ్య. విజయనగరం తాలింఖానాలో కుస్తీ నేర్చి, విశాఖ రేవులో ఓడెక్కి, లివర్‌పూల్‌లో దిగి, మిల్లులో పనికి కుదిరాడు. గది కోసం పదకొండు ఇళ్ల తలుపులు తట్టాడు. కొన్ని ఇళ్లవాళ్లు అద్దెగది బోర్డు పక్కనే నల్లవాళ్లకు లేదని మరో అట్టముక్క పెట్టారు. కొందరు అట్ట పెట్టకుండానే తలుపు వేశారు. పన్నెండోది మా ఇల్లు. కుండపోత వాన. విన్నీ తలుపు తీసి, తడిసి నిలబడ్డవాణ్ణి చూసి, ముందు నన్ను తీసి గడప బయట తెరిచి ఆయన తలమీద పట్టింది. ఆ తర్వాతే ఏం కావాలని అడిగింది. గడప బయటే ఎందుకు తెరిచిందంటే, ఇంటిలోపల గొడుగు తెరిస్తే అరిష్టమని వాళ్ల నమ్మకం. ఒకసారి పైడయ్య నన్ను ఆరబెడదామని వంటింట్లో తెరిస్తే, ఆమె భుజం మీదుగా ఉప్పు విసిరి, ఆ వారమంతా విరిగిన ప్రతి పింగాణీ గిన్నెకూ నన్నే తిట్టింది.

ఆ పైడయ్య ఇప్పుడు నన్ను మోకాలికి ఆనించి, వంకర తీయబోయి, ఎడమ భుజం కలుక్కుమని ఆగిపోయాడు. ఆమె దుకాణానికి వెళ్లిందని చూసుకుని నాతో మెల్లగా అన్నాడు. "ఏటే తల్లీ, అంత గట్టిగ కొడతారేటే? ఆయమ్మకి తెలీదు సరే. నీకు తెలీదేటి?"

ఆ ఊళ్లో ఆయన భాష తెలిసినవాళ్లు లేరు. ఆ రోజునుంచి నాతో మాట్లాడేవాడు. నేను తెలుగు నేర్చింది అలాగ.

రాయని రూలు కూడా అప్పుడే తెలిసింది. ఎవరు గెలవాలో, ఎవరు చెడ్డవాడో ముందే అనుకుంటారు. పట్టులూ నిజమే, దెబ్బలూ నిజమే, పగ ఒక్కటే కల్పన. ఆ సంగతి బయటివాళ్లకు చెప్పకూడదు. కుస్తీలు ఏర్పాటు చేసే క్లెగ్ దొర పనిలో చేర్చుకున్నప్పుడే, "నీ పెళ్లానికి కూడా చెప్పకు," అన్నాడట. పెళ్లి కాలేదని ఈయనంటే, "అయితే సగం పని తప్పింది," అన్నాడట. పైడయ్య మాటిచ్చాడు. మాటిస్తే దాటే మనిషి కాదు.

ఇక ఆ రెండేళ్ల తంతు చూడండి. సోమవారం సాయంత్రం విన్నీ నాతో ఆయన్ని కొట్టేది. మంగళవారం పొద్దున, మిల్లులో పెట్టెలు మోసి కమిలిందని ఆయన చెబితే, అదే వీపుకు ఘాటైన మందు రాసేది. వాన పడుతుంటే మిల్లుకు వెళ్లేటప్పుడు నన్ను ఆయన చేతికే ఇచ్చేది. కొట్టిన దెబ్బ మీదే నీడ పట్టేదాన్ని. సిగ్గుతో నా గుడ్డ కుంచించుకుపోయేది. ఆయన మాత్రం నన్ను ఒక్కసారీ విసిరి పెట్టలేదు. మడతలు సర్ది, బొత్తాం పెట్టి, మూల నిలబెట్టేవాడు.

ఒక మంగళవారం ఆయన నా ఎదురుగా పీట మీద చతికిలబడ్డాడు. "సనివారం టీవీవోళ్లొస్తన్నారు. నన్నోడిపోయి ముసుగు తీసీమన్నాడు కిలెగ్గు. ఓడిపోడానికేటి, ఓడిపోతాను. ముసుగు తీస్తే ముందు వరసలో ఎవులుంటారు సెప్పు? ఆయమ్మే కదేటి. రెండేళ్లు ఇంట్లో కూకుండబెట్టి అబద్దాలాడినానని ఎల్లగొట్టీదా? మళ్లీ పదకొండు తలుపులు కొట్టే ఓపిక నాకు లేదే తల్లీ."

అప్పటికి శనివారం నాలుగింటికి టీవీలో కుస్తీ వేస్తే దేశంలో సగం ఇళ్లు కదిలేవి కావు. ఆ ఆట వద్దంటే మరి పని లేదని క్లెగ్ చెప్పేశాడట.

ఆ సాయంత్రం విన్నీ మందు రాస్తూ మొదలుపెట్టింది. "శనివారం వాడి ముసుగు ఊడాలి పాడీ. ఆ మొహం చూడాలి నేను."

"చూసి ఏం చేస్తారు, మిసెస్ హావర్త్?"

"ఒక్కటే. ముక్కు మీద."

"ఒకవేళ అది మామూలు మొహమైతే?"

"మామూలు మొహం ఉన్నవాడికి ముసుగెందుకు నాయనా?" అని, సీసా మూత బిగించి, టీ పెట్టడానికి లేచింది. ఆయన చొక్కా తొడుక్కున్నాడు. నాకు నోరుంటే ఆ పూటే చెప్పేసేదాన్ని.

శనివారం పొద్దున ఆయన నన్ను బొగ్గు డబ్బా వెనక దాచి వెళ్లాడు. పాపం, అంతకంటే ఆయనకు తోచలేదు. బయట చినుకులు పడుతుంటే గొడుగు లేకుండా ఆమె కదులుతుందా? ఇల్లంతా వెతికి నన్ను బయటికి లాగి, బొగ్గుమసి తుడిచి, ఆల్బర్ట్ కుర్చీలో నిలబెట్టింది.

హాలు కిటకిటలాడింది. కెమెరా దీపాల వేడికి కింద కొలను వాసన ఇంకా ఘాటుగా వచ్చింది. స్టాన్ అనే మా ఊరి కుర్రవాడు మూడో రౌండులో ఒకసారి, ఐదో రౌండులో ఒకసారి కాటికాపరిని చిత్తు చేశాడు. జనం కాళ్లతో చెక్కలు తన్నారు. కాటికాపరి మోకాళ్ల మీద కూర్చుని, వెనక ముడి తానే విప్పి, ముసుగు తీశాడు.

నలభై ఏళ్లు నిండని, చెమట పట్టిన, చామనఛాయ మొహం. అంతకంటే ఏం లేదు. జనానికి ఏం చేయాలో తోచలేదు. రాక్షసుడి కోసం వచ్చినవాళ్లకు మనిషి కనబడ్డాడు. వెనక వరసలోంచి ఎవడో, "నీ దేశం పోరా," అన్నాడు. ఇంకెవడో నారింజ తొక్క విసిరాడు. తర్వాత కాగితం కప్పులు. అనౌన్సరు ఆయన దగ్గర వంగి పేరడిగి, మైకులో ఏదో అన్నాడు. "రంగోలీ పెయిడా" అన్నట్టు వినబడింది. జనం నవ్వారు.

విన్నీ నన్ను ఎత్తి పట్టుకుని ఉంది. ఆమె పిడికిలి బిగువు నా బెత్తానికి తెలుస్తూనే ఉంది. పైడయ్య ఆమె వైపే చూస్తున్నాడు, మొహం పక్కకు తిప్పుకోలేదు. ముక్కు మీద ఒక్కటి పడుతుందని నేనూ అనుకున్నాను.

ఆమె చెక్కమెట్లు ఎక్కి, తాళ్ల దగ్గరికి వెళ్లి, నా మొనతో అనౌన్సరు మోచేతిని పొడిచింది.

"పైడయ్య. రొంగలి పైడయ్య. సరిగ్గా చెప్పు. నా ఇంట్లో ఉంటాడు."

ఆమె నోట ఆ పేరు పూర్తిగా వినడం నాకదే మొదలు. వచ్చిన ఉత్తరాల మీద చూసి ఎప్పుడు నేర్చుకుందో ఏమో. తర్వాత, నా బొత్తాం విప్పింది. పైకప్పు కింద, నాలుగు గోడల మధ్య, దేశమంతా చూస్తుండగా, ఉప్పు విసరకుండా, నన్ను తెరిచింది. పైడయ్య తాళ్లు దాటి దిగాక ఆయన తలమీద పట్టింది, ఇద్దరూ మధ్య దారిలో నడిచారు. తొక్కలు నా మీద పడ్డాయి, కప్పులు పడ్డాయి. ఏ వానకూ నేను అంత గట్టిగా నిలబడలేదు. సగం దారికి వచ్చేసరికి పడడం ఆగిపోయింది.

తలుపు దగ్గర ఆమె అంది, "మందు రాసేటప్పుడు ఒక్క మాట చెప్పొద్దా? రెండోవైపు కొట్టి ఉండేదాన్ని కదా."

"చెప్పనని మాటిచ్చానండి."

"ఎవరికి?"

"క్లెగ్ దొరకి."

"అయితే సరే. మాటంటే మాటే." రెండడుగులు వేసి మళ్లీ అంది, "క్లెగ్ ఎక్కడ కూర్చుంటాడు?"

తర్వాత పైడయ్య సొంత మొహంతో, సొంత పేరుతో పదేళ్లకు పైగా ఆడాడు. నా పని మాత్రం తగ్గలేదు, ఆయన్ని తన్నిన ప్రతివాడి వీపూ నేను చూశాను. ఆట మానేశాక ఆయన వచ్చి ఆల్బర్ట్ కుర్చీలో కూర్చున్నాడు. "మా ఆయనొస్తాడు," అని ఆమె అనలేదు. నన్ను తన ఒళ్లో పెట్టుకుంది.

కాలం మారింది. టీవీవాళ్లకు కుస్తీ మొహం మొత్తింది, ఎనభైల చివర్లో ఆపేశారు. హాళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా కొలనును పడగొట్టారు. ఆ ఏడాదే విన్నీ పోయింది. ఆమె రాసిపెట్టిన కాగితంలో నాకు ఒక వాక్యం ఉంది. గొడుగు పైడయ్యకు, కొట్టినందుకూ పట్టినందుకూ.

అలా నేను విజయనగరం వచ్చాను. తాలింఖానా గోడకు మేకు మీద ఉంటాను, పిల్లలు మట్టిలో పట్టులు పడుతుంటే చూస్తుంటాను. మొన్న శ్రావణంలో ఒక ఊచ విరిగితే పైడయ్య నన్ను గంటస్తంభం దగ్గర చిన్న కొట్లో గొడుగులు బాగుచేసే మనిషికిచ్చాడు. అతను ఊచ మార్చి, నన్ను కన్ను దగ్గర పెట్టి చూశాడు.

"కాడ వొంకరుంది బాబూ. ఏదో గట్టిగ తగిలుంటది. సరిసేసీమంటారా?"

"తగిలింది నా ఈపే."

"ఓలమ్మ. ఎవులు కొట్టినారు?"

పైడయ్య నన్ను అతని చేతిలోంచి తీసుకున్నాడు. "కొట్టిందీ ఆయమ్మే, మందు రాసిందీ ఆయమ్మే. వొంకర అలగే ఒగ్గీ."

బయట వాన పెద్దదైంది. ఆయన గడప దాటకుండానే బొత్తాం విప్పాడు. నేను తెరుచుకున్నాను.