బొమ్మ రాని పెళ్లి

జగ్గయ్యపేటలో వీడియో స్టూడియో నడిపే నవీన్‌బాబుకి వారం రోజులుగా గుండెల్లో రాయి. నందిగామ భవానీప్రసాద్‌గారి పెద్దమ్మాయి కృష్ణప్రియ పెళ్లి తీసింది అతనే. మాఘంలో రెండో అమ్మాయి రాజ్యశ్రీ పెళ్లి. ఆ ఆర్డరూ తనకే రావాలి. కానీ పెద్దమ్మాయికి తాళి కట్టిన ఘట్టమే సరిగ్గా లేదు!

ఏం చేస్తాడు పాపం? పెళ్లిళ్లలో వీడియోవాళ్లకి ఎప్పుడూ ఆఖరి బంతే. అప్పటికి గారెలు అయిపోతాయి, పెరుగు మజ్జిగవుతుంది. ఈసారన్నా వేడివేడిగా తిందామని, జీలకర్రబెల్లం కాగానే కెమెరాని స్టాండు మీద ఆన్‌లో వదిలేసి మొదటి బంతిలో కూర్చున్నాడు. పరిగెత్తుకొచ్చేసరికి అక్షింతలు పడిపోయాయి. కెమెరాలో పడింది ప్రసాద్‌గారి వీపు, అంతే.

దాంతో ఒక ఎత్తు వేశాడు. వీడియోని కుదించే పద్ధతుల్లో కొత్తవాటిని విప్పడం పాత టీవీలకు చేతకాదు. ప్రసాద్‌గారి టీవీ పన్నెండేళ్లనాటిది. అందుకని బొమ్మని కొత్త పద్ధతిలో కుదించి, శబ్దాన్ని పాత పద్ధతిలోనే ఉంచి పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఆ ముక్కని తను మాత్రం మళ్లీ చూసే ధైర్యం చెయ్యలేదు. ఆర్డరు ఖాయమయ్యేదాకా బండి నడిస్తే చాలు.

అనుకున్నట్టే ప్రసాద్‌గారి ఫోనొచ్చింది. "ఏంటోయ్ నవీనూ, మంత్రాలు వినపడతన్నాయి, మనుషులు కనపడట్లా!"

"ఫైలు బంగారంలాంటిదండి. కొత్త స్టాండర్డు. మీ టీవీయే పాతకాలంది."

"సర్లే, ఆదివారం వచ్చి చూడు. రాజ్యశ్రీ పెళ్లి సంగతి కూడా మాట్టాడదాం."

ఆదివారం పొద్దున్నే ఉత్సాహంగా బండేసుకెళ్లాడు. హాలు నిండా చుట్టాలు. కృష్ణప్రియ లాప్‌టాప్ మూస్తూ నవ్వింది. "మీరేం కష్టపడొద్దండీ. మా టీవీకి అర్థమయ్యే పద్ధతిలోకి నేనే మార్చేశా. అందరం కలిసి చూద్దామని ఇంకా ఎవరం చూళ్లేదు."

నవీన్‌బాబు గుమ్మం పక్కన ఒదిగి కూర్చున్నాడు, టీవీలో పెళ్లి మొదలైంది. కన్యాదానం అయింది, జీలకర్రబెల్లం అయింది. మేళం ఊపందుకుంది. టీవీ నిండా వీపు.

"అయ్యో రాత, అది మీరేనండీ!" ప్రసాద్‌గారి భార్య భారతీదేవి మొగుడి మీద లేచింది. "జరగండి, జరగండని అప్పుడే మొత్తుకున్నా!"

ఆయన తల దించుకున్నారు. అమ్మయ్య, నేరం ఆయన నెత్తిన పడింది! అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. సంతోషం పట్టలేక నవీన్‌బాబు అందుకున్నాడు. "కెమెరా పక్కనే నిలబడి నేనూ ఎన్నిసార్లు చెప్పానోనండి, సార్, పక్కకి రండి సార్ అని!"

"అవునా? ఉండండి," అని కృష్ణప్రియ వెనక్కి తిప్పి సౌండు పెంచింది. మంత్రాలు, మేళం, భారతీదేవి కేకలు. నవీన్‌బాబు గొంతు లేదు. మేళం ఆగింది. అప్పుడు పక్కనున్న భోజనాల హాల్లోంచి స్పష్టంగా వినిపించింది, అందరికీ తెలిసిన ఆ గొంతే.

"బాబాయ్, ఇటు ఇంకో రెండు గారెలెయ్యి!"

హాలంతా గొల్లున నవ్వింది. నవీన్‌బాబు సిగ్గుతో చచ్చిపోయాడు. భారతీదేవి కళ్లు తుడుచుకుంటూ అతని భుజం తట్టింది.

"రాజ్యశ్రీ పెళ్లికి నువ్వు తప్పకుండా రావాలి అబ్బాయ్. ఇంటిల్లిపాదినీ తీసుకురా. మొదటి బంతిలోనే కూర్చోబెడతాం. వీడియోకి మైలవరం వాళ్లకి చెబుతాంలే."