బొమ్మల పోటీలో పశువుల డాక్టరు

ఊళ్ళో బొమ్మల పోటీకి ముగ్గురు జడ్జీలు కావలసివచ్చారు. బొమ్మల సంగతి తెలిసిన ప్రతివాడూ పోటీలో ఉన్న ఎవరికో ఒకరికి బావో మరిదో అయి కూర్చున్నాడు. అందుకని ఏమీ తెలియనివాళ్ళను వెతికారు. బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు దొరికాడు, ఎవరితోనూ పడని డ్రిల్లు మాస్టారు దొరికాడు. మూడోవాడు పశువుల డాక్టరు. ఆయనకు ఆవుల పోటీలో మార్కులు వేసిన అనుభవం ఉంది. అది చాలన్నారు.

పోటీ రోజు పొద్దున ఆయన చొక్కా తొడుక్కుంటుంటే భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా బొమ్మ కూడా ఉందక్కడ."

"ఏదీ?"

"సాయంత్రం నేనూ అదే అడుగుతాను. ప్రైజిస్తారో పారేస్తారో మీ ఇష్టం. నాది ఏదో మాత్రం చెప్పాలి. ఎండాకాలమంతా మీ ముక్కు ముందే కూర్చుని వేశాను."

"చెప్పలేకపోతే?"

"రేపటినుంచి మీ గేదెల చేత వండించుకోండి."

డాక్టరు నోట్లో వెలక్కాయ పడింది. ఆవిడ హాల్లో ఓ మూల కూర్చుని ఏదో పులుముతూ ఉండేదని తెలుసు. తన మంచి తువ్వాలు రంగులు తుడుచుకునే గుడ్డ అయిందనీ తెలుసు, దానికోసం దెబ్బలాడాడు కూడా. బొమ్మ వైపు మాత్రం తల తిప్పిన పాపాన పోలేదు.

బడి హాల్లో బొమ్మలన్నీ గోడలకు వేలాడుతున్నాయి. పేర్లు లేవు, నంబర్లే. మార్కులు ఎలా వెయ్యాలో కమిటీవాళ్ళు చెప్పలేదు. డాక్టరు తన సంచిలో మిగిలిన ఆవుల పోటీ కాగితాలు తీసి పంచాడు. ఆకారం, చర్మం మెరుపు, కాళ్ళ పొందిక, చురుకుదనం, పాల దిగుబడి.

"పాలు కొట్టేద్దామా?" అన్నాడు మొహమాటంగా.

"అయ్యో, కొట్టేస్తే వంద ఎలా వస్తుందండీ? అమ్మితే ఎంత వస్తుందో అక్కడ వేద్దాం," అన్నాడు మేనేజరు. ఆయన లెక్కలో ఫ్రేము ఎంత వెడల్పో బొమ్మ అంత గొప్పది.

డ్రిల్లు మాస్టారి పద్ధతి వేరు. ప్రతి బొమ్మ ముందునుంచీ వెనక్కి నడుచుకుంటూ పోతాడు. ఎంత దూరం పోయినా అదేమిటో తెలుస్తూ ఉంటే మంచి బొమ్మ. నిండు చంద్రుడి బొమ్మ ముందునుంచి అలా నడిచి నడిచి, వాకిలి దాటి, గేటు దాటి, రోడ్డు మీదనుంచి "ఫస్టు!" అని అరిచాడు.

ఒక బొమ్మ తలకిందులుగా తగిలించారని ముగ్గురికీ అనుమానమే. కానీ ముందు నోరు విప్పినవాడికే తెలియదని తేలుతుంది కదా! అందుకని ముగ్గురూ దానికి ధారాళంగా మార్కులు వేశారు.

డాక్టరు కళ్ళు భార్య బొమ్మను వెతుకుతున్నాయి. పూలకుండీ కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఇదే అయి ఉంటుంది! తీరా చూస్తే పక్కన ఇంకో పూలకుండీ, దాని పక్కన మరోటి. వంగి వాసన చూశాడు. అన్నిటిదీ ఒకే టర్పెంటైను కంపు. చివరికి నీలం పూలదాన్ని పట్టుకుని, మిగతా ఇద్దరితో వాదించి దానికి మూడో బహుమతి ఇప్పించాడు.

ఆఖర్న ఒక బొమ్మ మిగిలింది. పడక కుర్చీలో లావుపాటి మనిషి, పొట్ట మీద పేపరు, నోరు తెరుచుకుని నిద్ర. ఈ శాల్తీని సంతలో ఎక్కడో చూశాననుకున్నాడు డాక్టరు. చురుకుదనానికి సున్నా వేసి, అలవాటు కొద్దీ పక్కన రాశాడు: "మేత తగ్గించి నడిపించాలి."

సాయంత్రం తలుపులు తీశారు. జనం చంద్రుణ్ణి ఓసారి చూసి, నేరుగా కుర్చీ బొమ్మ దగ్గరికెళ్ళి గుమిగూడారు.

"ఓరి నాయనో, డాక్టరుగారు!" అన్నాడు పాలవాడు. "మా దూడ చావుబతుకుల్లో ఉంటే ఆస్పత్రిలో అచ్చం ఇలాగే ఉన్నారు కదండీ!"

హాలంతా గొల్లుమంది. కింద అంటించిన మార్కుల కాగితం చదివాక మళ్ళీ గొల్లుమంది. నిద్రపోయే తన మొహం ఎవడు చూసుకున్నాడు గనక! డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

జనాన్ని తప్పించుకుంటూ భార్య వచ్చింది.

"ఏది నాది?"

ఆయన చెయ్యెత్తి చూపించాడు.

"మీరే కనుక్కున్నారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పాలవాడు పక్కనే నిలబడి ఉన్నాడు.

"లేదు. ఇతను చెప్పాడు. నేను ఆ నీలం పూలు అనుకున్నాను."

ఆవిడ పూలవైపు చూసింది. "నా బొమ్మ ఎలా ఉందో చెప్పండి. మార్కులొద్దు," అంది.

డాక్టరు బొమ్మకు దగ్గరగా జరిగాడు. చొక్కా గుండీ ఒకటి దారానికి వేలాడుతోంది. ఎప్పుడో పలుపుతాడు కోసుకుపోయిన మచ్చ మణికట్టు మీద ఉంది. చెంప మీద కిటికీ వెలుతురు పడుతోంది. ఆ వెలుతురు అక్కడికి వచ్చేదాకా ఆవిడ రోజూ కాచుకుని కూర్చుని ఉండాలి.

"నేను నోరు అంత తెరుస్తానా?" అన్నాడు.

"ఇంకా తెరుస్తారు. కాన్వాసు గుడ్డ చాల్లేదు."

పాలవాడు కిసుక్కుమన్నాడు. డాక్టరు గొంతు తగ్గించాడు.

"మరి రేపటి వంట?"

"మీదే," అంది. "నేను చూడ్డానికి వస్తాను."