స్కెల్‌థోర్ప్ నీళ్లలో తేలిన రోజు

వారం రోజులుగా విడవని వాన ఆ పొద్దునే తెరిపిచ్చింది. దిబ్బల పొలం గేటు దగ్గర బుల్డోజరు వచ్చి నిలబడింది. దాన్ని చూసిన దగ్గర్నుంచి వినిఫ్రెడ్ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ మిట్టపల్లాల్లో ఆమె ముప్పై ఏళ్లు గొర్రెలు కాసింది. ఐదువందల ఏళ్ల కిందట ఉన్ని మీది ఆశతో దొర జనాన్ని వెళ్లగొట్టి గొర్రెల బీడు చేసిన స్కెల్‌థోర్ప్ ఊరు ఆ గడ్డి కిందే ఉందని ఆమె నమ్మకం. భర్త పోయాక పొలం పెత్తనం మరిది క్లెమ్‌ది. చదును చేసి గోధుమ వేస్తానని అతని పట్టు.

"ఊరుందని సర్కారు మనిషి ఈసారైనా రాసిస్తే ముట్టుకోను వదినా. లేదన్నాడా, ఆ రోజే చదును చేసేస్తా," అని మాటిచ్చాడు.

పాత ఊళ్ల ఆనవాళ్లు చూసే ఆ సర్కారు మనిషి ఆల్డర్టన్ వేసవిలో ఒకసారి వచ్చి, మోకాలెత్తు గడ్డిలో తిరిగి, ఇవి ఎప్పుడో మట్టి తవ్వుకున్న గోతులని తేల్చేసి పోయాడు. ఆమె మూడు ఉత్తరాలు రాస్తే ఇవాళ మళ్లీ వచ్చాడు. కారు దిగి రెండడుగులు వేసేసరికి ఒక బూటు బురదలో ఉండిపోయింది.

"ఏం చూడమంటారమ్మా? ఇక్కడ చెరువు తప్ప ఏముంది?"

"మా వదిన ఊళ్లో అందరూ చేపలు పట్టేవాళ్లేనండి," అని క్లెమ్ పడీపడీ నవ్వాడు.

గేటు దగ్గర నిలబడితే ఆమెకూ నీళ్లే కనిపిస్తున్నాయి. చుట్టూ చూసింది. ఎత్తుగా ఉన్నది బుల్డోజరొక్కటే. గౌను అంచులు బూట్లలోకి దోపుకుని దాని మీదికి ఎక్కసాగింది.

"వదినా, జారితే నిన్ను నేను మోయలేను!"

"మొయ్యొద్దులే. నోరు మూసుకో, చాలు."

వినిఫ్రెడ్ పైకెక్కి పొలమంతా కలయజూసింది.

"ఆల్డర్టన్ గారూ, పైకి రండి."

"మోకాళ్ల నొప్పులమ్మా నాకు."

"నాకూ ఉన్నాయి. రండి."

ఒంటి బూటుతోనే ఎక్కాడాయన. పల్లాల్లో నిలిచిన నీరు వెండిగీతలా మెరుస్తోంది. నిట్టనిలువునా నడివీధి, దానికి అటూ ఇటూ సందులు, పెరళ్ల చుట్టూ కందకాలు. మధ్యలో ఇళ్ల పునాదుల్లా నలుపలకల తిన్నెలు పొడిగా తేలి ఉన్నాయి. ఒక్కో తిన్నె మీద నాలుగైదు గొర్రెలు, వాకిట్లోకొచ్చిన ఇంటివాళ్లలా నిలబడి ఉన్నాయి.

"పందొమ్మిది ఇళ్లు," అన్నాడు ఆల్డర్టన్ వేలితో లెక్కపెడుతూ. "కాదు, వాగు పక్కన ఇంకో రెండు! కాగితం రేపు పంపిస్తానమ్మా."

"ఇప్పుడే రాయండి. రాసేదాకా నేను దిగను."

ఆయన మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు, సంతకం చేశాడు. క్లెమ్ దాన్ని రెండుసార్లు చదువుకుని తనూ పైకెక్కాడు. నోరు తెరుచుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత ఊరుంటే ఇన్నాళ్లూ చెప్పలేదేం వదినా?"

"ముప్పై ఏళ్లుగా చెబుతున్నదేమిట్రా, చెవిటి మాలోకమా!"

"సరేలే, దిగు. అద్దెకు తెచ్చిన ఈ బుల్డోజరును తిరిగి అప్పగించి రావాలి."

"దిగను," అంది వినిఫ్రెడ్, సీటు పక్కనే సర్దుకుని కూర్చుంటూ. "వెనక్కి తిప్పు. చర్చి ముందునుంచి మెల్లగా పోనీ. అందరూ చూడాలి."