రెండు బస్తాల నువ్వులు

వెంకటదుర్గ చెల్లెల్ని చూసి తొమ్మిదేళ్లు దాటింది. ఫోన్లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి. ఫోన్లో కనిపించే మనిషికి తలంటి పొయ్యలేం, పక్కన కూర్చోబెట్టుకుని చేపల పులుసు కలిపి ముద్ద పెట్టలేం.

తల్లి పోయేనాటికి లావణ్యకి ఏడేళ్లు. అప్పట్నుంచీ పెంచింది అక్కే. యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబం నుంచి సంబంధం వస్తే, పిల్ల సుఖపడుతుందని తనే దగ్గరుండి పెళ్లి చేసి పంపింది. ఇప్పుడు లావణ్యా, మొగుడూ పారిస్ పక్కన ఓ చిన్న ఊళ్లో పచారీ కొట్టు నడుపుతున్నారు. ఆ కొట్టు నాలుగు రోజులు మూసి రావడం వాళ్లకి అయ్యే పని కాదు.

వెంకటదుర్గ కాకినాడ జగన్నాథపురంలో నువ్వుల జీళ్లు చేస్తుంది. వాళ్లమ్మ తీర్థాల్లో గంపలో పెట్టుకుని అమ్మిన సరుకే. ఇప్పుడు నలుగురు ఆడవాళ్లు పనికొస్తారు, జీళ్లు ప్యాకెట్లలో పోతాయి. బెల్లం పాకం మేకుకి తగిలించి లాగే పని మాత్రం ఇంకొకళ్లకి ఇవ్వదు.

వాటిని ఫ్రాన్సులో అమ్ముదామన్న ఆలోచన లావణ్యది. చుట్టాల పెట్టెలో ఇరవై ప్యాకెట్లు పంపితే, పద్దెనిమిది చూస్తుండగానే అయిపోయాయి. మిగిలిన రెండూ కొట్టు తనిఖీకొచ్చిన ఆఫీసరు కంట్లో పడ్డాయి.

"నన్ను నిలబెట్టి క్లాసు పీకాడక్కా," అంది లావణ్య ఆ సాయంత్రం. "ఫ్రెంచిలో లేబులు లేదేం, నువ్వులున్నాయని కొట్టొచ్చినట్టు రాయలేదేం అని. నువ్వులు పడనివాళ్లు తెలీక తింటే ప్రాణాల మీదకొస్తుందంట. తెప్పించినవాళ్ల పేరూ అడ్రసూ కూడా ఉండాలంట. ఈసారికి వదిలేశాడు."

"మనకెందుకే ఆ గొడవ?"

"అలా అనకక్కా, పద్ధతిగా చేద్దాం. సరుకు నా పేరున తెప్పించుకుంటాను. తయారయ్యే చోటు చూసుకోడానికి ఏడాదికోసారి నేనే రావాలి కదా. వ్యాపారం పనంటే ఆయన కూడా కాదనరు."

ఏడాదికోసారి. ఆ మాటతో వెంకటదుర్గ ఒప్పేసుకుంది.

ఎగుమతి కాగితాలు చూసే సురేష్‌బాబుని పట్టుకుంది. ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పే మనిషి. అక్కడ ఒప్పుకోరని జీళ్లకి గులాబి రంగు వెయ్యడం మానిపించాడు. వంటగదికి లైసెన్సు తెప్పించాడు, లేబులు ఫ్రెంచిలో రాయించాడు.

"అన్నిటికంటే నువ్వులతోనే భయమండి," అన్నాడు. "క్రిములు చావాలని కొందరు వ్యాపారులు ఒక గ్యాసు పట్టిస్తారు. అక్కడ దాన్ని నిషేధించారు. రేవులో పరీక్షలో బయటపడిందంటే సరుకంతా తగలబెట్టేస్తారు. మీరు కొన్న ప్రతి లాటుకీ ల్యాబు కాగితం ఉండాల్సిందే."

ఐదు నెలలు పట్టింది. నువ్వులు పరీక్షలో నెగ్గాయి. సరుకు చేరగానే మార్చిలో వస్తానని లావణ్య రోజుకోసారి చెప్పేది. వెంకటదుర్గ మేడ మీద గదికి సున్నం వేయించింది, కొత్త దోమతెర కొంది.

ఓడ నాలుగు రోజుల్లో వెళ్లిపోతుందనగా నువ్వులు చాల్లేదు. బజారులో నువ్వుల వ్యాపారి చిట్టియ్య దగ్గర రెండు బస్తాలున్నాయి. ల్యాబుకి పంపితే మూడు వారాలు. ఈ ఓడ తప్పితే చెల్లెలి ప్రయాణం ఎండాకాలానికి వాయిదా పడుతుంది. అప్పుడు కొట్లో రద్దీ. అంటే మళ్లీ ఏడాదే. రెండు బస్తాలేగా అనుకుంది. పరీక్షలో నెగ్గిన నువ్వుల్లో కలిపేసింది. సురేష్‌బాబుకి చెప్పలేదు.

నెలన్నర తర్వాత లావణ్య ఫోన్ చేసింది. మొహం పాలిపోయి ఉంది.

"సరుకు పట్టుకున్నారక్కా. ఆ గ్యాసు ఉందంట. తెప్పించుకున్నది నేను కాబట్టి జవాబు నేనే చెప్పాలి. తెలిసే తెచ్చావా అని అడుగుతున్నారు. కొట్టు మూయిస్తారేమోనని ఆయన అన్నం కూడా తినట్లేదు. ల్యాబు కాగితం బానే ఉంది కదా, మరెలా జరిగింది?"

ల్యాబువాళ్లదే తప్పయ్యుంటుందన్న మాట వెంకటదుర్గ నాలిక చివరిదాకా వచ్చింది. చెల్లెలు నమ్మేసేది కూడా.

"తప్పు నాదేనే," అంది. "రెండు బస్తాలు పరీక్ష చేయించకుండా కలిపాను."

"ఎందుకక్కా?"

"మార్చిలో వస్తానన్నావు కదా."

లావణ్య ఫోన్ పెట్టేసింది.

సురేష్‌బాబు సంగతంతా విని తల పట్టుకున్నాడు. "జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెడితే ఆవిడ బయటపడొచ్చండి. కానీ మీ పేరు వాళ్ల జాబితాకెక్కుతుంది. ఇంక మీ సరుకు అక్కడికి వెళ్లదు."

"రాయండి," అంది వెంకటదుర్గ.

రెండు వారాలు ఫోన్ రాలేదు. పాకం లాగుతున్నంతసేపూ చెవి ఫోన్ మీదే. ఒకసారి చెయ్యి కాల్చుకుంది కూడా. చివరికో ఆదివారం మోగింది.

"హెచ్చరించి వదిలేశారక్కా. నీ కాగితమే కాపాడింది," అంది లావణ్య. "మార్చిలో మాత్రం రాలేను. వచ్చే ఏడు సంగతీ చెప్పలేను."

"తెలుసే."

"నీ మీద చాలా కోపం వచ్చింది."

"రాదూ మరి!"

లావణ్య కళ్లు తుడుచుకుంటూ, "నాక్కూడా నీ దగ్గరుండాలనుందక్కా," అంది. చెవి పక్కన ఒక తెల్లవెంట్రుక కనబడింది వెంకటదుర్గకి. ఏడేళ్లప్పుడు బడికి పంపుతూ తను జడ వేసిన తలలో తెల్లవెంట్రుక.

తొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరూ కలవడమంటే చెల్లెలు రావడమే. తను వెళ్లొచ్చన్న ఆలోచన ఆ పూట వచ్చింది.

మర్నాడు సురేష్‌బాబు దగ్గరికి వెళ్లి, "ఫ్రాన్సుకి పంపాలంటే ఏమేం కాగితాలు కావాలండి?" అని అడిగింది.

ఆయన కంగారుపడ్డాడు. "మళ్లీ జీళ్లాండి?"

"జీళ్లు కాదండి. నన్ను."

పాస్‌పోర్టుకి పోస్టాఫీసులో వరసలో నిలబడింది. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ ఒకటి, బడి సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉందని, సరిచేయించుకుని రమ్మన్నారు. ఎంతకాలం పడుతుందని అడిగింది. చెప్పలేమమ్మా అన్నారు. సరేనంది. ఆ కార్డు ఎక్కడ సరిచేస్తారో కనుక్కుని, ఆటో ఎక్కింది.