పల్లీలు వేసిన కేకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన యోహాను పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాడు. కాదనను. కానీ ఆ కోపం ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇది యాభై తొమ్మిది క్రిస్మస్ నాటి మాట.

యోహాను వికారాబాద్‌లో ఆస్పత్రి కాంపౌండరు. ఆస్పత్రి వెనక వీధిలో మా ఇల్లు. పెళ్లికి ముందు నేను ఒక తెల్ల నర్సమ్మ ఇంట్లో పని చేశాను. కేకు చేయడం అక్కడే నేర్చుకున్నాను. ఆమెకు ఇనుప పొయ్యి ఉండేది. నాకేముంది? పెద్ద డేగిశా, అడుగున ఇసుక, మూత మీద నిప్పులు. అయినా నా కేకు ముందు ఆమె కేకు దిగదుడుపే. ఆ మాట ఆమెతోనే అన్నాను, నవ్వింది.

మా వీధి మలుపులో రామమ్మ ఇల్లు. నవాబుపేట వైపు వాళ్లకు బోలెడు భూములు, అందుకే ఊరంతా ఆమెను పటేలమ్మ అనేవాళ్లు. కూతురిది తాండూరులో కాపురం. ఆ కూతురి బిడ్డ ఈశ్వరి, ఆరేళ్ల పిల్ల, అమ్మమ్మ దగ్గర ఉండి ఇక్కడి బడికి పోయేది. మందులిచ్చి రమ్మని యోహాను పంపితే ఆ ఇంటికి నేను వంద సార్లు పోయి ఉంటాను. పోయిన ప్రతిసారీ అరుగు మీదే కూర్చున్నాను. కడప దాటి రమ్మని వాళ్లు అనలేదు, వస్తానని నేను అడగలేదు. మా వాళ్లకు ఆ ఇల్లు అరుగు దాకానే.

ఆ చలికాలం రామమ్మకు జ్వరం తగులుకుంటే యోహాను పదిహేను రోజులు ఇంటికి పోయి సూదులు వేసి వచ్చాడు. లేచి తిరిగాక ఆమె, పండుగ నాడు మనవరాలిని తీసుకుని మీ ఇంటికి వస్తానని కబురు పెట్టింది. మా వాడకు అది చిన్న సంగతి కాదు. ఆ ఇంటి మనిషి మా ఇంట్లో కూర్చుని ఏదన్నా తినడం మా అత్త కూడా తన బతుకులో చూడలేదు. రెండు రోజులు గోడలకు సున్నం కొట్టాను. యోహానును కాలు పెట్టనిస్తే ఒట్టు.

జీడిపప్పు కోసం బజారంతా తిరిగితే గుప్పెడు దొరికింది. అది కేకు పైన అద్దడానికే సరిపోయింది. లోపలికి పల్లీలు వేయించి, పొట్టు తీసి, బరకగా దంచి కలిపాను. ఏటా చేసే పనే. తిన్నవాళ్లు జీడిపప్పే అనుకునేవాళ్లు, నేనూ అనుకోనిచ్చేదాన్ని.

రామమ్మ వచ్చింది, కుర్చీలో కూర్చుంది. కేకు కోసి పళ్లెంలో పెట్టాను. ఈశ్వరి చెయ్యి చాపింది. రామమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇండ్ల ఏమేమి ఏసినవ్ మార్తా?"

నా ఒళ్లు భగ్గుమంది. మా ఇంటికి వచ్చి, మా కుర్చీలో కూర్చుని, ఏ కొవ్వు కలిపానో అని ఆరా తీస్తుందా? వాళ్ల చుట్టాల ఇంట్లో అయితే ఇట్లా అడుగుతుందా?

"మైద, శక్కర, వెన్న, గుడ్లు, కాజు. మీరు తినరానిది ఏం ఎయ్యలే" అన్నాను, కాస్త పెళుసుగానే.

పల్లీల మాట ఎత్తలేదు. మరచిపోయి కాదు. అంత పెద్దింటి మనిషికి పల్లీల కేకు పెట్టానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. ఆమె తల ఊపి పిల్ల చెయ్యి వదిలింది.

ఈశ్వరి ఒక ముక్క తిని రెండోది సగం కొరికింది. అంతలోనే పెదవులు గోక్కోవడం మొదలుపెట్టింది. చూస్తుండగానే పెదవులు ఉబ్బాయి, మెడ నిండా దద్దుర్లు లేచాయి. ఊపిరి తీస్తే గొంతులో పిల్లికూతలు. యోహాను పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. వెనకాల రామమ్మ, ఆమె వెనకాల కేకు కోసిన చేతులతో నేను.

డాక్టరమ్మ పిల్లను చూస్తూనే ఏం తిన్నదని అడిగింది. రామమ్మ ఏడుస్తూ చెప్పింది. రెండేళ్ల కింద పల్లీలు తిన్నప్పుడు అచ్చం ఇట్లాగే అయిందట. కానీ ఇవాళ పల్లీలు తినలేదని, అడిగి తెలుసుకున్నాకే పెట్టనిచ్చానని అంది. అప్పుడు అర్థమైంది నాకు ఆమె ఎందుకు అడిగిందో.

అంతలో రామమ్మ కొడుకు నర్సింహులు వచ్చాడు. ఆ ఇండ్లల్లో తినొద్దని ముందే మొత్తుకున్నానని, ఏం కలిపి పెట్టారో అని తల్లి మీద లేచాడు. వరండా నిండా జనం. డాక్టరమ్మ అందరినీ ఊరుకోమంది. పల్లీలైతే ఒక వైద్యం, విషం తిన్నదైతే ఇంకో వైద్యం, సరిగ్గా చెప్పమంది.

నోరు విప్పితే నేను అబద్ధాలకోరునని ఊరంతా తెలుస్తుంది. అది నా ఒక్కదానితో పోదు. మా వాడలో ఏ ఇంట్లోనూ ఇక ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలోనే నా తలలో తిరిగాయి, ఆ సంగతి ఇప్పుడు దాచడం దేనికి? కానీ అక్కడ పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయి.

"పల్లీలున్నయి డాక్టరమ్మా. దంచి కలిపిన. కాజు అని నేనే అబద్ధమాడిన."

సూది పడింది. పావుగంటకు పిల్ల ఊపిరి దారికొచ్చింది. దీన్ని ఎలర్జీ అంటారని, ఇట్లాంటి పిల్లలకు ఒక్క గింజ కూడా ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. నర్సింహులు నన్ను చూసిన చూపు చెప్పను. రామమ్మ అసలు నా వైపే చూడలేదు.

ఇంటికొచ్చి మిగిలిన కేకు గుంట తీసి పూడ్చాను. నా నోరు పడిపోను, ఒక్క మాట చెప్తే ఏం పోయేది? మళ్లీ కాసేపటికి, ఆమె అయినా పల్లీలు పడవని ఒక్క మాట అనొచ్చు కదా అని ఆమె మీద మండిపడేదాన్ని. నిజం చెప్పావు కదా, పిల్ల బతికింది కదా అని యోహాను అంటే ఆయన మీదా అరిచాను. కొత్త సంవత్సరానికి పొయ్యి మీద డేగిశా పెట్టలేదు.

పదో నాడు పొద్దున్నే రామమ్మ ఒక్కతే వచ్చింది. ఈసారి కుర్చీ వెయ్యనివ్వలేదు, నా పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది. నేను ఆమె కాళ్లు పట్టుకోబోతే చేతులు పట్టుకుంది. పల్లీలు పడవని చెప్తే, మా ఇంట్లో తిననీయకుండా సాకు చెప్తోందని నేను అనుకుంటానేమోనని ఊరుకుందట. మరి నువ్వేమనుకున్నావని అడిగింది. కులం చూసి అడిగారనుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పాను.

"రెండేండ్ల సంది మా ఇంట్ల పల్లీ గింజ లేదు మార్తా. నూనె గూడ కుసుమలదే. నువ్వు ఒక్కసారి మా వంటింట్లకొచ్చినా నీకు ఎరుకయ్యేది" అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రానియ్యంది మేమే."

నాకు ఏడుపు ఆగలేదు. కోపం ఎక్కడికి పోయిందో.

పిల్ల మళ్లీ కేకు కావాలని నాలుగు రోజులుగా ఒకటే మంకుపట్టు పట్టిందట. మా గిన్నెల్లో, మా రోట్లో పల్లీల పొడి ఉంటుంది కాబట్టి ఇక్కడ వద్దని, తమ ఇంట్లో, తమ గిన్నెల్లో నేనే చేసి పెట్టాలని అంది రామమ్మ. నా చేతితో మళ్లీ ఆ పిల్లకా అని నేను వెనకాడితే, నీకంటే జాగ్రత్తగా ఇంకెవరు చేస్తారని లేచింది.

ఆమె వెంట పోయాను. అరుగు మీద నర్సింహులు ఉన్నాడు. మొహం తిప్పుకున్నాడు గానీ అడ్డం రాలేదు. కడప దగ్గర నా కాలు లేవలేదు, రామమ్మ లోపలి నుంచి పిలిస్తే లేచింది. వంటింట్లో ఎవరూ చెప్పకముందే మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాను. పిండి కలుపుతుంటే ఈశ్వరి వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది, ఎప్పుడవుతుందని అడిగింది. ఆ పిల్లకు నేనంటే రవ్వంత భయం లేదు. భయమంతా నాదే, పిండిలో ఏ పలుకన్నా ఉందేమోనని వేళ్లతో వెతుకుతూనే ఉన్నాను.