ఏనుగు మల్లమ్మ కొండకు దారి

పొద్దున్నే మట్టయ్య ఫోను మోగింది. కొండ మీది గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ భానుమూర్తి.

"అన్నా, మీ సాయినాథ్ తేనెకు పోయి బండమీంచి పడినాడు. ఊపిరుండాది. సమ్మెకు అంబులెన్సు గూడా రాలేదు, కిందికి దించేదానికి బండి లేదు. నువ్వు బండెత్తుకోని రా అన్నా."

మట్టయ్యకు ఆ కొండ కొత్త కాదు. పట్నంలో ఎల్బీనగర్ నుంచి హార్స్‌లీ హిల్స్‌కు సుమోలో జనాన్ని ఏళ్లుగా మోసినవాడే. అక్కడ బతికేవాళ్లు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. ఒకసారి తోడు వచ్చిన కొడుకు సాయినాథ్ ఆ నీలగిరి చెట్ల వాసనకు, కిటికీలోంచి ఇంట్లోకి వచ్చే మంచుకు మనసిచ్చి అక్కడి గెస్ట్‌హౌస్‌లోనే వంటకు కుదిరాడు.

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ చెప్పిన నాటి నుంచి తుంగభద్ర అవతల, కొండ ఉన్న జిల్లాల్లో విడిపోవద్దని సమ్మె. బస్సుల్లేవు. కొండకు వచ్చేవాళ్లు లేరు. గదులకు తాళాలు పడ్డాయి. కూరగాయల బండి కూడా ఘాట్ రోడ్డు ఎక్కడం మానేసింది. కొండవాళ్లు తేనెకూ దుంపలకూ లోయలోకి దిగుతుంటే సాయినాథ్ కూడా వాళ్ల వెంట దిగాడు. వాళ్లకు కాలు ఆనే బండ పట్నం పిల్లవాడికి ఆనలేదు.

తాళంచెవి పట్టుకుని బయటికొచ్చిన మట్టయ్య సుమో ముందు నిలబడిపోయాడు. నెంబరు ప్లేటు మీద టీజీ అని ఉంది. తెలంగాణ కావాలని ఏపీ గీకించి తానే అలా రాయించుకున్నాడు. ఆ బండి తుంగభద్ర దాటితే అద్దం మిగలదు.

మేడ మీద ఇంటి ఓనరు చక్రపాణి ఉంటాడు. తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్కల కోచింగు చెబుతాడు. ప్లేటు రాయించిన రోజు "మరి మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటావయ్యా?" అని అడిగాడు. "మీ ఇష్టం" అన్నాడు మట్టయ్య. అప్పటి నుంచి మాటల్లేవు.

మట్టయ్య మెట్లెక్కాడు.

"ఏం మట్టయ్యా, ఇవాళ గుర్తొచ్చామా?"

"పోరడు కొండమీదికెల్లి పడ్డడు సారూ. జర మీరు పక్కన కూసుంటే పోనిస్తరు."

చక్రపాణి ముఖం మారిపోయింది. లోపలి నుంచి భార్య ఇందిరాదేవి, "ఆ గొడవల్లోకి మీరెందుకండీ?" అంటున్నా వినలేదు. చొక్కా తగిలించుకుని, బూట్ల పాలిష్ డబ్బా పట్టుకుని దిగాడు. మట్టయ్య చాకుతో ముందు ప్లేటు మీది టీజీ గీకాడు. చక్రపాణి నల్ల పాలిష్‌లో అగ్గిపుల్ల ముంచి ఏపీ అని దిద్దాడు. ఇద్దరూ వెనక ప్లేటు గీకేందుకు పోబోతుంటే, చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం నడిపే భిక్షపతి బైకు ఆపాడు.

"ఏంది మట్టన్నా, అప్పుడే పార్టీ మార్చినవ్? ఓనరు కిరాయి మాఫ్ జేసిండా?"

"అడ్డం లెవ్వురా."

"జవాబు జెప్పి కదులు."

మట్టయ్య అతణ్ని నెట్టేసి సుమో ఎక్కాడు. చక్రపాణి ఎక్కీ ఎక్కకముందే బండి కదిలింది.

"అక్కడ నేను మాట్లాడతాను. నువ్వు నోరు విప్పకు," అన్నాడు చక్రపాణి. "నీ నోట్లోంచి ఒక్క 'ఏంది' వచ్చిందా, ఇద్దరం అయిపోతాం."

మట్టయ్య తలూపాడు. దారిలో మళ్లీ భానుమూర్తి ఫోను. మంచానికి బొంగులు కట్టి సాయినాథ్‌ను నలుగురు మోసుకుని దిగుతున్నారట. మంచు కమ్మేసి, ఏ మలుపులో ఉన్నారో పైనుంచి కనబడటం లేదట.

తుంగభద్ర వంతెన దాటగానే టైర్లు కాలుతున్నాయి. కర్రలు పట్టుకున్న కుర్రవాళ్లు అడ్డం వచ్చారు.

"మాది తెనాలి బాబూ. కొండ మీద మావాడికి ప్రాణం మీదికొచ్చింది," అన్నాడు చక్రపాణి.

వాళ్లు ముందు ప్లేటు చూశారు. "పోనీండ్రా."

సుమో నాలుగు బారలు కదిలింది.

"రేయ్! వెనక చూడండ్రా, టీజీ!"

వెనక అద్దం భళ్లున పగిలింది. మట్టయ్య దూకి వెనక్కి పరుగెత్తాడు. గాజు పెంకుల మీదే మోకాళ్లు ఆనించి తాళంచెవితో ప్లేటు గీకసాగాడు.

"గీకేస్త నాయనా, గిప్పుడే గీకేస్త. నా కొడుకు పెయ్యిల ఇంకా పానం ఉన్నది. జర పోనియ్యుండ్రి."

కర్రలు ఆగాయి. సుమోలో ఫోను మోగింది. చక్రపాణి ఎత్తాడు. విన్నాడు. అవతల భానుమూర్తి ఏడుస్తున్నాడు. దిగి వచ్చి మట్టయ్య పక్కన కూలబడి మణికట్టు పట్టుకున్నాడు.

"చాల్లే మట్టయ్యా. ఇంక గీకక్కర్లేదు."

మట్టయ్య చెయ్యి విడిపించుకున్నాడు. టీ పోయింది, జీ ఇంకా సగం ఉంది. అతను గీకుతూనే ఉన్నాడు.