తాతయ్య పళ్ళు, తమ్ముడి పంతం

అక్కది కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. కంప్యూటర్లో పన్ను బొమ్మ గీస్తే, పక్కనున్న మిషను దాన్ని తెల్లటి దిమ్మలోంచి చెక్కి ఇస్తుంది. ఆ కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఎక్కించినవాడు తమ్ముడు. లోపల రాసిన ప్రతి అక్షరమూ ఎవరైనా చదివి సరిదిద్దుకోగలిగితేనే అది ప్రోగ్రామని వాడి నమ్మకం. నమ్మకం మంచిదే. కానీ ఆ శుభకార్యానికి వాడు ఎంచుకున్నది, తాతయ్య పళ్ళు చెక్కాల్సిన వారం.

కంప్యూటర్ చెప్పేది మిషనుకు అర్థం కావాలంటే మధ్యలో డ్రైవర్ అనే ప్రోగ్రాము ఉండాలి. మిషను కంపెనీవాళ్ళు దాన్ని ఊరికే ఇస్తారు గానీ లోపలేముందో చూడనివ్వరు. తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"నేను చదవలేనిది నా సిస్టమ్‌లోకి రాదంతే!"

"నీ సిస్టమ్ ఏంట్రా? కంప్యూటర్ నాది, కరెంటు బిల్లు నాది" అంది అక్క. "ఆదివారం తాతయ్య స్నేహితులొస్తున్నారు. పళ్ళు లేకుండా వాళ్ళ ముందు నోరు తెరవనని కూర్చున్నాడాయన."

"అప్పటికి మావాళ్ళు రాసిన డ్రైవర్ బాగుచేసేస్తాలే."

మావాళ్ళంటే వాడిలాంటి మొండిఘటాలే. కంపెనీ డ్రైవర్ చచ్చినా ముట్టనని వాళ్ళందరి ముందూ గొప్పలు పోయి ఉన్నాడు మరి.

మావాళ్ళ డ్రైవర్‌తో చెక్కిన మొదటి సెట్టు గుర్రానికి సరిపోయేలా వచ్చింది. రెండోది ఎలుకకి. అక్క తల పట్టుకుంది. తాతయ్య మాత్రం రెండింటినీ అరచేతిలో పెట్టుకుని, పెదవులు బిగించి, భుజాలు కదిలేలా నవ్వాడు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వాణ్ణి తొందరపెట్టకే అమ్మాయ్. నా స్నేహితుల్ని ఇంకోసారి రమ్మంటాలే" అన్నాడు.

తాతయ్య తన పక్షమేనని తమ్ముడు పొంగిపోయాడు.

మర్నాడు భోజనాల దగ్గర గానీ వాడు ఆయన్ని సరిగ్గా చూడలేదు. తాతయ్య గోడవైపు తిరిగి కూర్చుని తింటున్నాడు. లోకంలోని కబుర్లన్నీ చెప్పి అందరి కంచాలూ చల్లారబెట్టే మనిషి, ఎన్నాళ్ళుగా ఇలా తింటున్నాడో ఏమో! తమ్ముడికి సిగ్గేసింది. లేచి వర్క్‌షాపులోకి వెళ్ళి కంపెనీ డ్రైవర్ ఎక్కించాడు. మిషను బుద్ధిగా పని మొదలుపెట్టింది, అది చూసి వాడికి ఇంకా ఒళ్ళు మండింది.

ఆదివారం తాతయ్య పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు.

"ఎవరి డ్రైవర్రా?"

"కంపెనీదే తాతయ్యా. ఓడిపోయాను."

తాతయ్య వాడి వీపు తట్టాడు. "సరే, ఆ కంపెనీ ఫోన్ నంబరివ్వు."

"ఏం, పళ్ళు కుదరలేదా?"

"దివ్యంగా కుదిరాయి. అందుకే అడుగుతున్నా."

తాతయ్య నంబరు నొక్కాడు. అవతల ఎవరో హలో అన్నారు.

"బాబూ, మీ పుణ్యమా అని నాకు మళ్ళీ నోరొచ్చింది. మా మనవడిదో ప్రశ్న. మీ డ్రైవర్ లోపలేముందో ఎందుకు చూడనివ్వరు? తీరిగ్గానే చెప్పండి, నాకేం పన్లేదు."

తమ్ముడికి కళ్ళు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు. ఇంతలో స్నేహితులు బిలబిలమంటూ లోపలికొచ్చారు. తాతయ్య వాళ్ళని కూర్చోమని సైగచేసి, ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"వాళ్ళ పై అధికారిని పిలుస్తున్నారట. నా తర్వాత మీలో ఎవరు మాట్లాడతారు?"